రికాబులు లేని గుర్రం

మదరాసు సెంట్రల్ స్టేషనులో దిగి కోట పక్కగా మౌంటు రోడ్డుకు పోయేవారికి దీవి మైదానం దగ్గర ఎత్తయిన దిమ్మ మీద ఒక కంచు గుర్రం, దాని మీద కూర్చున్న ఒక దొర కనబడతారు. ఆ దొర సర్ తామస్ మన్రో. మదరాసు చెన్నై అయినది, మౌంటు రోడ్డు అన్నాసాలై అయినది గాని, ఆ గుర్రం మాత్రం 1839 అక్టోబరు 23న ఎక్కడ నిలిచినదో నేటికీ అక్కడే నిలిచి ఉన్నది. పెండ్లికనో, ఆసుపత్రికనో, ఇంటర్వ్యూకనో బెంగుళూరు నుంచి రాత్రి మెయిలులో మదరాసు పోయివచ్చే మన తెలుగు కుటుంబాలలో దానిని చూడనివారు అరుదు.

చూసినవారందరూ ఒక కథ కూడా వినే ఉంటారు. ఆ గుర్రానికి జీను లేదు, రికాబులు లేవు. మన పాతవారు అంకవన్నెలు అనేవారే, అవి. వాటిని చెయ్యడం శిల్పి మరచిపోయినాడట. విగ్రహం మీది గుడ్డ తొలగించిన నాడు గుంపులోని ఒక చిన్న పిల్లవాడు "ఈయన కాళ్లు దేనిలో పెట్టుకున్నాడు?" అని అడిగినాడట. అంత గొప్ప శిల్పీ ఆ మాట విని తల ఎత్తుకోలేక ఆ రాత్రే ప్రాణం తీసుకున్నాడట. ఈ కథను నేను కనీసం పది నోళ్ల విన్నాను. చెప్పిన పదిమందీ ఆనాడు ఆ గుంపులో తామూ ఉన్నట్టే చెప్పినారు.

కథ బాగున్నది గాని నిలవదు. ఆ విగ్రహాన్ని చేసినవాడు సర్ ఫ్రాన్సిస్ చాంట్రీ. ఆయన మదరాసు ముఖం చూడనే లేదు. విగ్రహం లండనులో తయారై ఓడ మీద వచ్చింది. అది ఇక్కడ నిలిచిన తరువాత రెండేళ్లు ఆయన హాయిగా పని చేసుకుంటూనే ఉండి, 1841 నవంబరులో తన ఇంట్లో హఠాత్తుగా గుండె ఆగి పోయినాడు. ఇంగ్లండులో ఒక పల్లెటూరి వడ్రంగి కొడుకు, చిన్నతనంలో పట్నానికి పాలు తీసుకుపోయి అమ్మినవాడు, కొయ్య చెక్కేవాని దగ్గర పని నేర్చినవాడు. చివరకు దేశంలోకెల్లా పేరు పొందిన శిల్పియై, సంపాదించినదంతా మంచి చిత్రాలు, శిల్పాలు కొనడానికి రాయల్ అకాడమీకి వ్రాసి ఇచ్చి పోయినాడు. అట్టివానికి మనం అంటగట్టిన పేరు మతిమరుపు, ఆత్మహత్య! పనిలో లోపం కనబడితే ముందుగా పనివాని మీదనే పడటం లోకరీతి. మా గుమాస్తాలకు ఈ సంగతి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

మరొక విశేషం. ఈ కథ మన మదరాసు సొంతం కూడా కాదు. ఇంగ్లండులో హల్ అనే రేవు పట్నం ఉన్నది. అక్కడి బజారులో 1734లో నిలిపిన మూడవ విలియం రాజు గుర్రపు విగ్రహం బంగారు పూతతో మెరుస్తూ ఉంటుంది. దానికీ రికాబులు లేవు. ఆ శిల్పి కూడా సంగతి తెలుసుకుని ప్రాణం తీసుకున్నాడని ఊరివారు చెప్పుకుంటారు. ఆయన పేరు పీటర్ షీమేకర్స్. ఆ విగ్రహం నిలిచిన తరువాత మరి నలభై ఏడు సంవత్సరాలు బ్రతికి, దాదాపు తొంభై ఏళ్ల వయసులో, 1781లో పుట్టిన ఊరు ఆంట్‌వర్ప్‌లోనే కన్ను మూసినాడు. విండ్సరు కోట ఎదుట ఒక మిట్ట మీద మూడవ జార్జి రాజు గుర్రం ఎక్కి ఉన్నాడు. అది 1831 నాటిది. దానికీ రికాబులు లేవు, దాని శిల్పికీ ఇదే కథ. ఆ శిల్పి రిచర్డ్ వెస్ట్‌మెకాట్ 1856 దాకా జీవించినాడు. ఇన్ని గుర్రాలకు ఒకే కథ అతికినప్పుడు, మరచిపోయినది శిల్పి కాదు, మనమే ఏదో మరచిపోయినాము అనుకోవలసి వస్తుంది.

మనం మరచినది రోము నగరం. అక్కడ మార్కస్ ఆరీలియస్ చక్రవర్తి గుర్రం ఎక్కి చెయ్యి చాపుతున్న కంచు విగ్రహం ఉన్నది. రెండవ శతాబ్దం నాటిది. పాత రోము విగ్రహాలలో అనేకం కరిగించి వాడుకున్నారు. ఇది మాత్రం క్రైస్తవ చక్రవర్తి కాన్‌స్టంటైనుది అని పొరబడి వదిలిపెట్టడం చేత బ్రతికింది. రోమనులకు రికాబు తెలియదు. గుర్రం వీపు మీద గుడ్డ వేసుకుని, తొడలతో అదిమి పట్టుకుని స్వారీ చేసేవారు. అందువల్ల ఆ విగ్రహానికీ రికాబులు లేవు. మన దేశంలో సాంచీ, భాజా శిల్పాలలో బొటనవేలు దూర్చుకునే ఉచ్చు వంటిది గుర్రానికి కట్టి ఉండటం పండితులు గుర్తించినారు. అంటే ఈ విషయంలో మనవారు రోమనుల కంటె ఒక అడుగు ముందే ఉన్నారు. ఈ మాట సందర్భం వచ్చింది గనుక చెప్పినాను.

18వ శతాబ్దంలో ఇంగ్లండులో పెద్దలకు రోము పిచ్చి పట్టింది. మేడ కడితే రోమను స్తంభాలు, పద్యం వ్రాస్తే రోమను దేవతలు. రాజుకు విగ్రహం చేస్తే, ఆయన నిన్న మొన్న పొడుగు కోటు, జుట్టు టోపీ వేసుకుని తిరిగిన మనిషే అయినా, రోమను కవచం తొడిగి, మోకాళ్ల దాకా బోసికాళ్లతో కూర్చోబెట్టేవారు. వేషం రోమనుది అయినప్పుడు రికాబు పెడితేనే తప్పు. మన నాటకాలలో శ్రీకృష్ణునికి చేతి గడియారం పెట్టినట్టు ఉంటుంది.

ఈ "ఇంగ్లీషు" విగ్రహాలు చేసిన చేతులు చాలావరకు ఇంగ్లీషువి కావు. హల్‌లో విలియం రాజును చేసిన షీమేకర్స్, బ్రిస్టలు పట్నంలో 1736లో అదే రాజును కంచులో పోసిన మైకేల్ రిస్‌బ్రాక్, ఇద్దరూ ఆంట్‌వర్ప్ నుంచి బ్రతుకుదెరువు కోసం లండను చేరినవారే. బ్రిస్టలు పనికి ఇద్దరూ పోటీ పడినారు. పని రిస్‌బ్రాక్‌కు దక్కింది. ఓడినవాని నమూనాను హల్ వారు తీసుకున్నారు. వారికంటె వంద సంవత్సరాల ముందు, 1633లో, మొదటి చార్లెసు రాజు గుర్రాన్ని పోసిన లె సూయర్ ఫ్రాన్సువాడు. పొట్ట చేతబట్టుకుని పరాయి ఊరు పోయినవారు ఆ ఊరి రాజులకే రూపం ఇచ్చినారన్నమాట. బెంగుళూరులో కాపురమున్న మనకు ఇది వింతగా తోచదు.

ఆ చార్లెసు విగ్రహం సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. 1649లో ప్రజాసభ వారు ఆ రాజు తల తీయించినారు. తరువాత విగ్రహాన్ని కరిగించి వేయమని జాన్ రివెట్ అనే కంచరికి అమ్మివేసినారు. రివెట్ గట్టివాడు. విగ్రహాన్ని భూమిలో పాతిపెట్టి, దాని కంచుతో చేసినవని చెప్పి కత్తుల పిడులూ అవీ ఇవీ అమ్ముకున్నాడు. రాజభక్తులు జ్ఞాపకార్థం కొన్నారు, రాజద్వేషులు కసి కొద్దీ కొన్నారు. మళ్లీ రాజరికం వచ్చేసరికి విగ్రహం చెక్కు చెదరకుండా బయటపడింది. 1675 నుంచి లండనులో చేరింగ్ క్రాసు దగ్గర నిలిచి ఉన్నది. బేరమంటే అదీ!

అన్ని గుర్రాలకూ అట్టి అదృష్టం పట్టలేదు. 18వ శతాబ్దపు విగ్రహాలు అనేకం కంచువి కావు, సీసంతో పోసి పైన బంగారు పూత పూసినవి. సీసం చవుక, తక్కువ వేడికే కరుగుతుంది, అచ్చులో సుళువుగా కూర్చుంటుంది. కాని మెత్తన. గుర్రపు విగ్రహంలో బరువంతా నాలుగు సన్నని కాళ్ల మీద ఉంటుంది. లండనులో బర్క్‌లీ చౌకులో 1772 ప్రాంతంలో నిలిపిన మూడవ జార్జి గుర్రం కాళ్లు రాజు బరువుకు వంగిపోయినాయి. 1827లో దానిని తీసివేసినారు. లెస్టరు చౌకులోని మొదటి జార్జి గుర్రం మరీ అన్యాయమైపోయింది. 1866లో ఒక రాత్రి కొంటెవాళ్లు దాని ఒంటినిండా నల్లని మచ్చలు పూసినారు. చివరకు అది తుక్కు కింద 16 పౌన్లకు అమ్ముడుపోయింది. డబ్లినులో 1701లో నిలిపిన విలియం రాజు విగ్రహాన్ని ఐర్లండు ప్రజలు తరతరాలుగా తారు పూసి, ముక్కలు విరిచి, 1928లో మందుగుండు పెట్టి పేల్చినారు.

వీటన్నిటిలో పేరు పడ్డది న్యూయార్కు గుర్రం. స్టాంపు పన్ను రద్దు అయినదన్న సంతోషంతో అమెరికా వలసల ప్రజలు మూడవ జార్జికి విగ్రహం కావాలని కోరుకున్నారు. లండనులో జోసెఫ్ విల్టన్ దానిని చేసినాడు. మార్కస్ ఆరీలియస్ వేషమే. సీసం, పైన బంగారు పూత. 1770లో నిలిచింది. ఆరు సంవత్సరాలకు, 1776 జూలై 9న, స్వాతంత్ర్య ప్రకటన చదివి వినిపించిన సాయంత్రం, జనం తాళ్లు కట్టి లాగి పడవేసినారు. సీసాన్ని బండ్ల మీద కనెక్టికటు తీసుకుపోయి తుపాకి గుండ్లు పోసినారు. 42,088 గుండ్లు అయినవని లెక్క వ్రాసి ఉన్నది. రాజుగారిని ఆయన సైన్యం మీదికే పేల్చినారు.

ఆ యుద్ధం చివర, 1781లో, యార్క్‌టవును దగ్గర అమెరికా వారికి లొంగిపోయిన ఇంగ్లీషు సేనాని కారన్‌వాలిసు. పది సంవత్సరాల తరువాత అదే మనిషి మన బెంగుళూరు కోట ముందు దిగినాడు. 1791 మార్చి 21 రాత్రి కోట గోడకు గండి కొట్టి లోపలికి వచ్చినాడు. ఆ గండి కొట్టిన చోట పలక నేటికీ ఉన్నది. సిటీ మార్కెట్టుకు కూరలకు పోయే మనవాళ్లు ఎంతమంది దానిని చదివి ఉంటారో! ఆ ముట్టడిలో చనిపోయిన ఇంగ్లీషువారి పేర నిలిపిన స్తంభాన్ని మాత్రం 1964లో కార్పొరేషను వారు తొలగించినారు.

శ్రీరంగపట్నం సంధిలో టిప్పు సుల్తాను తన ఇద్దరు కొడుకులను కారన్‌వాలిసుకు తాకట్టుగా అప్పగించవలసి వచ్చింది. మదరాసు వారు ఆ విజయానికి మెచ్చి కారన్‌వాలిసుకు చలువరాతి విగ్రహం చేయించినారు. లండనులో థామస్ బ్యాంక్స్ చెక్కినాడు. 1800లో కోటలో నిలిచింది. దిమ్మ మీద ఆ పసివాళ్లను అప్పగించే దృశ్యం చెక్కి ఉన్నది. 18వ శతాబ్దపు ఇంగ్లీషు శిల్పం ఎట్లా ఉంటుందో కళ్లారా చూడదలచిన బెంగుళూరువారికి అదే దగ్గర దారి. ఎన్నో చోట్లకు మారి మారి ఇప్పుడు కోటలోని మ్యూజియంలో ఉన్నది. చెక్కడం చాలా గొప్పది. కాని ఎవరి కొడుకులనైనా తాకట్టు పెట్టిన దృశ్యాన్ని విజయచిహ్నంగా చెక్కించుకోవడం నా మనస్సుకు నచ్చలేదు.

ఇక మన్రో దగ్గరకు వద్దాము. 1790-92 యుద్ధంలో ఆయన కూడా ఉన్నాడు, చిన్న ఉద్యోగిగా. 1780లో పద్దెనిమిదేళ్ల వయసులో పటాలంలో చేరి మదరాసు వచ్చిన స్కాట్లండు కుర్రవాడు. 1800లో నిజాము కుంపిణీకి బళ్లారి, కడప ప్రాంతాలను ఇచ్చివేసినాడు. దత్త మండలాలని మన పెద్దలు పిలిచేవి అవే. వాటికి కలెక్టరుగా మన్రో ఏడు సంవత్సరాలు ఉన్నాడు. ఊరూరా గుడారం వేసుకుని తిరిగి, పొలాలు కొలిపించి, నడుమ జమీందారు లేకుండా రైతు పేరనే పట్టా వ్రాయించినాడు. శిస్తులో నాలుగవ వంతు తగ్గించాలని 1807లో వ్రాస్తే పైవారు అప్పుడు వినలేదు. తాను మదరాసు గవర్నరు అయిన తరువాత, 1820లో గాని ఆ మాట నెగ్గలేదు.

ఇదంతా ధర్మమేనని నేను అనను. తగ్గించిన తరువాత కూడా శిస్తు బరువే. ఎనభైమంది దాకా పాళెగాళ్లను ఆయన అణచినాడు. ఆ ఇండ్లలో మన్రో పేరు ఎట్లా పలికి ఉంటారో ఊహించుకోవచ్చును. కాని రైతుల ఇండ్లలో మాత్రం బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. మాండవ్య ఋషి అన్నవారూ ఉన్నారు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామివారు ఆయనతో మాట్లాడినారని, గండిలో ఆంజనేయస్వామి గుడి దగ్గర ఆయన కంటికి బంగారు తోరణం కనబడినదని కథలు అల్లుకున్నారు. పదవి ముగించుకుని స్వదేశం పోవలసిన సమయంలో, దత్త మండలాలను ఒక్కసారి చూసి పోదామని వచ్చి, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో పోయినాడు. గుత్తిలో పాతిపెట్టి, 1831లో మదరాసు కోటలోని చర్చికి తరలించినారు. పత్తికొండలో ఆయన పేర బావి త్రవ్వించి తోపు వేయించినారు.

మదరాసులో చందాలు పోగుచేసి చాంట్రీకి పని ఇచ్చినారు. ఆ కాలంలోనే చాంట్రీ చేతిలో మరొక గుర్రం ఉన్నది. అది నాలుగవ జార్జి రాజుది. 1843లో ట్రఫాల్గరు చౌకులో నిలిచింది. ఇంకొకటి, నెపోలియనును ఓడించిన వెల్లింగ్టనుది, చాంట్రీ పోయిన తరువాత శిష్యుడు పూర్తి చేస్తే 1844లో నిలిచింది. మూడు గుర్రాలూ అన్నదమ్ముల వలె ఉంటాయి. నాలుగు కాళ్లూ నేల మీద ఆనించి నిశ్చలంగా నిలిచినవే. మూడింటికీ జీను లేదు, రికాబులు లేవు. ఒక శిల్పి ముమ్మారు అదే వస్తువును మరచిపోతాడా? ఎగిరే గుర్రం, దూకే గుర్రం ఆయనకు గిట్టవు. తోలుపట్టీలు, ఉంగరాలు, గుడ్డలు గుర్రపు ఒంటి గీతను తెగగొడతాయి. అవి లేకుంటే మెడ నుంచి తోక దాకా ఒకే ప్రవాహంగా కనబడుతుంది. మన్రోకు రోమను వేషం వెయ్యలేదు, పటాలపు దుస్తులే ఉంచినాడు. అందుచేతనే మనకు రికాబుల లోటు కొట్టవచ్చినట్టు కనబడుతున్నది. మనిషి మన కాలపువాడు, ఆసనం మాత్రం రోము చక్రవర్తిది.

ఇక్కడే నాకు ముఖ్యంగా తోచిన సంగతి ఒకటి ఉన్నది. ఇంగ్లండు రాజులు ఎవరూ 18వ శతాబ్దంలో మన దేశానికి రాలేదు. మన తాత ముత్తాతలు జార్జి రాజు ముఖం రూపాయి మీద కూడా సరిగా చూసి ఎరుగరు. వారి ఎదుట నిలిచి పట్టా ఇచ్చినవాడు, శిస్తు వేసినవాడు, తగవు తీర్చినవాడు కుంపిణీ జీతగాడు. ఇంగ్లండులో వంద సంవత్సరాలుగా రాజులకు వేసిన పీటను ఇక్కడ ఆ జీతగానికి వేసినారు. రికాబులు లేకపోవడం లోపం కాదు, రాజలాంఛనం. దానినే మనం మతిమరుపు అని నవ్వుకుంటూ వచ్చినాము.

మన రాజులు ఇట్లా చేయించుకోలేదు. తిరుమల గుడి లోపలికి పోగానే కుడిచేతి వైపు శ్రీకృష్ణదేవరాయలు ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలబడి ఉన్నాడు. దిమ్మ లేదు, గుర్రం లేదు. దర్శనానికి పోయేవారి ఎత్తులోనే ఉన్నాడు. గజపతిని గెలిచినవాడికి గుర్రాలు లేకనా? ఆ గుడిలోనే స్వామికి ప్రసాదం పెట్టే ఒక పెద్ద పాత్రను మన్రో గంగాళం అంటారు. మదరాసులో ఆకాశమంత ఎత్తున ఉన్న మనిషి పేరు అక్కడ వంటింటి పాత్రకు ఉన్నది. ఏది పెద్ద గౌరవమో ఎవరికి వారే చెప్పుకోవాలి.

1857లో ప్రజలను చిత్రవధ చేసిన నీల్ దొర విగ్రహం మౌంటు రోడ్డులో ఉండగా, సత్యాగ్రహాలు జరిగి, 1937లో రాజాజీ ప్రభుత్వం వచ్చిన తరువాత దానిని మ్యూజియానికి పంపినారు. మన్రోను ఎవరూ కదల్చలేదు.

బెంగుళూరులో మనకూ ఒక కుంపిణీ రౌతు ఉన్నాడు. సర్ మార్క్ కబ్బన్ 1834 నుంచి 1861 వరకు మైసూరు రాజ్యానికి కమిషనరు. స్వదేశం పోతూ దారిలో సూయెజులో ప్రాణం విడిచినాడు. ఆయన విగ్రహం చేసిన మరొకెట్టి కూడా పరదేశియే, ఇటలీలో పుట్టినవాడు. 1866లో కవాతు మైదానంలో నిలిపినారు. తరువాత అఠారా కచేరీ ముందుకు వచ్చింది. 2020లో అక్కడి నుంచి కబ్బన్ పార్కు లోపలికి మార్చినారు. అదే పార్కు అంచున థామస్ బ్రాక్ చెక్కిన విక్టోరియా రాణి, 1906 ఫిబ్రవరిలో ఆవిష్కరించినది, చలువరాతిలో నిలబడి ఉన్నది. లాల్‌బాగులో చామరాజేంద్ర ఒడెయరు మహారాజావారు గుర్రం మీద ఉన్నారు.

కబ్బన్ గుర్రానికీ, మహారాజావారి గుర్రానికీ రికాబులు ఉన్నవో లేవో నేను ఇక్కడ వ్రాయను. పండుగ సెలవునాడు పిల్లలను వెంటబెట్టుకుని పోయి చూడండి. మనకంటె వాళ్లకే అట్టివి ముందు కనబడతాయి.